సిపాయిగారి కంచం

డైటీషియన్ అనగానే మనలో చాలామందికి బరువు తగ్గించే ఆవిడ గుర్తుకు వస్తుంది. అన్నం మానండి, గోధుమరొట్టె తినండి, సాయంకాలం నాలుగు బాదంపప్పులు నమలండి అని ఒక కాగితం రాసిచ్చి ఫీజు పుచ్చుకునే మనిషి అనుకుంటాం. ఆసుపత్రిలో పనిచేసేవారయితే మరీ లోకువ. "ఆ పథ్యం కూడు వండించే అమ్మాయి" అనేస్తాం. రోగికి నయమయితే అది డాక్టరుగారి హస్తవాసి. చారులో ఉప్పు లేకపోతే మాత్రం తప్పు ఈ అమ్మాయిది!

తెనాలి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం చూశాక ఈ సంగతి కాస్త వివరంగా రాయాలనిపించింది. వారి అమ్మాయి తిరుపతిలో పోషకాహార శాస్త్రం డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతున్నది. అమెరికా సంబంధం ఒకటి వచ్చింది. పెళ్లికొడుకు అక్కగారు అక్కడ మాజీ సైనికుల ఆసుపత్రిలో డైటీషియనట. ఆమెతో ఫోనులో మాట్లాడిన దగ్గర నుంచి మన అమ్మాయి కూడా ఆ పనే చేస్తానని కూచున్నది. మేనమామ ఒప్పుకోవడం లేదు. "ఇంత చదివించింది సోల్జర్లకి అన్నం వడ్డించడానికా? ఇప్పటికయినా కంప్యూటర్లలో పెట్టండి" అంటున్నాడట. "అక్కయ్యగారూ, ఇది గౌరవమైన పనేనా? మా అమ్మాయి చదువు సరిపోతుందా? వెళ్లగానే దొరుకుతుందా?" అని మూడు ప్రశ్నలు వేశారు ఆ తల్లి. వెనక పేజీలో మామగారిని గురించి మరొకటి. దానికి తరవాత వస్తాను.

మొదటి ప్రశ్నకి జవాబు ఆ దేశపు చరిత్రలోనే వుంది.

అమెరికాలో డైటీషియన్ల సంఘం పుట్టిందే యుద్ధం మధ్యలో. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధంలోకి ఆ దేశం దిగిన సంవత్సరం, క్లీవ్‌లండ్ నగరంలో లెన్నా కూపర్ మొదలైన కొందరు స్త్రీలు సమావేశమై దానిని స్థాపించారు. ఉన్న తిండిని వృథా కాకుండా వాడడం ఎలా, జనం ఆరోగ్యం కాపాడడం ఎలా అన్నది వారి ముందున్న ప్రశ్న. ఆ యుద్ధంలోనే వందలమంది డైటీషియన్లు సైనిక ఆసుపత్రుల్లో పనిచేశారు. కొందరు సముద్రం దాటి వెళ్లారు. అయితే వారికి సైన్యంలో హోదా లేదు. సివిలు ఉద్యోగులుగానే వెళ్లారు, అలాగే తిరిగివచ్చారు. గాయపడిన సిపాయికి మాజీ సైనికుడని పింఛనూ వైద్యమూ దొరికాయి. ఆ సిపాయికి గొంతు దిగేట్టు ఆహారం తయారుచేసి బతికించిన మనిషికి ఏమీ లేదు.

రెండో యుద్ధం వచ్చాక, 1942 డిసెంబరులో సగం హోదా లాంటిది ఒకటి ఇచ్చారు. 1944లో పూర్తి ఆఫీసరు హోదా వచ్చింది. 1947లో సైన్యంలో వారికి శాశ్వతమైన స్థానం ఏర్పడింది. ఇక మొదటి యుద్ధం నాటి వాళ్ల మాట? వారిని కూడా మాజీ సైనికులుగానే లెక్కించాలని ప్రభుత్వం నిర్ణయించింది 1981లో! అప్పటికి అరవై ఏళ్లు దాటిపోయాయి. ఎందరు బతికివుంటారు చెప్పండి? మేనమామగారు "గౌరవం" అన్నారు కనుక ఇది రాశాను. ఆ గౌరవం ఊరికే రాలేదు, పోరాడితే వచ్చింది.

ఇప్పుడు ఆ ఆసుపత్రుల సంగతి. యుద్ధాలనుంచి తిరిగివచ్చిన వారికోసం 1930లో ఆ దేశం వెటరన్స్ అడ్మినిస్ట్రేషన్ అని ఒక సంస్థను పెట్టింది. 1989లో దానిని మంత్రివర్గస్థాయి శాఖగా చేశారు. "వి.ఏ." అంటారు అందరూ. దాని కింద 170 పెద్ద ఆసుపత్రులున్నాయి. చిన్నా పెద్దా క్లినిక్కులు వెయ్యికి పైగా. వైద్యంకోసం పేరు నమోదు చేసుకున్న మాజీ సైనికులు సుమారు 90 లక్షలమంది. మన చిన్న రాష్ట్రం జనాభా అంత! ఆ ఆసుపత్రులన్నిటిలోనూ డైటీషియన్లు వున్నారు. వంటశాలా, రోగుల పోషణ చికిత్సా అక్కడ సాధారణంగా ఒకే విభాగం కింద వుంటాయి. మేనమామగారి అనుమానం అక్కడినుంచే పుట్టి వుండవచ్చు. కాని వంటశాల నడిపేవారు వేరు, వార్డులో రోగిని చూసే క్లినికల్ డైటీషియన్ వేరు.

వార్డులో ఆమె చేసే పని ఏమిటి?

మా పెదనాన్నగారి మనమరాలు ఒకతె అలాంటి ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నది. రోగుల పేర్లు ఎంత అడిగినా చెప్పదు, వృత్తి నియమం. పని మాత్రం చక్కగా వివరిస్తుంది. "పిన్నీ, మేం మొదట చూసేది కంచం కాదు, మనిషి కణతలు" అన్నది ఒకసారి. కణతల దగ్గర గుంటపడిందా, మెడకింద ఎముక పైకి పొడుచుకువచ్చిందా, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండ చదునయిపోయిందా అని వేళ్లతో తడిమి చూస్తారట. మనిషి పైకి లావుగానే కనిపిస్తాడు. కండ మాత్రం లోపల కరిగిపోయి వుంటుంది. తూకం చూపించని సంగతి వేళ్లకు తెలుస్తుంది. తరవాత రక్తపరీక్షలు, వాడే మందులు, ఆరు నెలల కిందట బరువెంత, మింగడంలో ఇబ్బంది వుందా, పళ్లున్నాయా, ఇంట్లో వండిపెట్టేవారున్నారా, ఇవన్నీ కనుక్కుంటారు.

మాజీ సైనికుల విషయంలో లెక్క మామూలు లెక్క కాదు. ఒక ఉదాహరణ చెబుతాను. ఒక మనిషికి తుంటి దగ్గరనుంచి ఒక కాలు లేదు. తూస్తే 70 కిలోలున్నాడు. పొడుగుకు తగిన బరువే కదా అని మనం సంతోషిస్తాం. కాని ఒక కాలు మొత్తం శరీరం బరువులో సుమారు 16 వంతులు, అంటే నూటికి పదహారు. ఆ కాలు వుండివుంటే అతను 83 కిలోలు తూగేవాడు. అంటే అప్పటికే అధిక బరువు. పైగా అతను నాలుగు కిలోలు పెరిగినా, తగ్గినా కొయ్యకాలు అమరదు, ఒరుసుకుని పుండు పడుతుంది. పుండు పడితే నడవలేడు, నడవకపోతే ఇంకా పెరుగుతాడు. చూశారా, కంచంలో అన్నానికీ కాలిలో పుండుకీ ఎంత దగ్గర చుట్టరికమో!

వెన్నుపాము దెబ్బతిని మెడకింద కదలిక లేనివారి సంగతి ఇంకా చిక్కు. కండరాలు పనిచేయవు కనుక శరీరానికి కావలసిన శక్తి తగ్గిపోతుంది. కిలో బరువుకు రోజుకు సుమారు 23 క్యాలరీలు చాలంటారు. 70 కిలోల మనిషికి 1,600 దాటితే కొవ్వుపట్టడం మొదలు. అయితే ఒకే భంగిమలో పడివుండడంవల్ల వీపున పుండ్లు పడతాయి. అవి మానాలంటే మాంసకృత్తులు కిలోకి ఒకటింబావు గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాము దాకా కావాలి, అంటే రోజుకు సుమారు 90 నుంచి 105 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములే వుంటాయి. కప్పుడు అన్నంలో నాలుగు గ్రాములు వుంటే గొప్ప. తక్కువ తిండిలో ఎక్కువ మాంసకృత్తులు ఎలా ఇరికించాలో మీరు ఒకసారి కాగితం మీద వేసుకుని చూడండి. ఇంటి లెక్కల్లో ఆరితేరిన నాకే తల తిరిగింది. అందులో ఆ మనిషికి మూత్రపిండాల జబ్బు కూడా వుందనుకోండి, మళ్లీ మొదటికి రావాలి.

అన్నిటికంటె నా మనస్సును పట్టుకున్నది యుద్ధఖైదీల సంగతి. రెండో యుద్ధంలోనూ, 1950-53 నాటి కొరియా యుద్ధంలోనూ శత్రువుల చేతికి చిక్కిన అమెరికను సైనికులు ఆకలితో మాడిపోయారు. కొరియాలో చిక్కిన ఏడువేల పైచిలుకు మందిలో 2,700 మంది దాకా చెరలోనే చనిపోయారు. బతికి బయటపడ్డవారిలో ఎంతోమందికి బెరిబెరి, పెలగ్రా వంటి లోపాలు వుండేవి. నెల రోజులకు తక్కువ కాకుండా చెరలో వున్నవారికి తరవాత ఎన్నేళ్లకు బెరిబెరి గుండెజబ్బుగానీ, పోషకలోపంవల్ల చూపు దెబ్బతినడంగానీ బయటపడితే, అది చెరలో వచ్చినదేనని ఒప్పుకుని పరిహారం ఇవ్వాలని అక్కడి నిబంధన.

బెరిబెరి మనకి కొత్త పేరు కాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా వుండిన మాల్కంసన్ అనే ఆయన 1835లోనే ఈ జబ్బుమీద గ్రంథం రాశాడు. అందులో మన ఉత్తర సర్కారుల ప్రసక్తి వుంది. మరమీద తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినే మన కోస్తావారికి ఆ జబ్బు వచ్చేది, ఉప్పుడు బియ్యం తినే తమిళులకు రాలేదు. వడ్లు ఉడకబెట్టినప్పుడు తవుడులోని విటమిను గింజలోపలికి ఇంకిపోతుంది. హైదరాబాదులో వున్న మన జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలయింది కూడా బెరిబెరి పరిశోధన కేంద్రంగానే. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది.

ఆకలితో మాడినవాడికి వెంటనే కడుపునిండా పెట్టడం పుణ్యమనుకుంటాం కదా. అది ప్రాణాలు తీయవచ్చు. చాలా రోజులు తిండి లేని శరీరంలోకి ఒక్కసారి పిండిపదార్థాలు వెళితే రక్తంలోని భాస్వరం, పొటాసియం, మెగ్నీషియం కణాల్లోకి లాగుకుపోతాయి. గుండె తడబడుతుంది, ఊపిరి ఆడదు. అందుకే డైటీషియన్ మొదటి రోజుల్లో కావాలనే తక్కువ పెట్టి, రోజూ రక్తపరీక్ష చూస్తూ మెల్లగా పెంచుతుంది. చుట్టాలు "మావాణ్ణి మాడ్చేస్తున్నారు" అని పోట్లాడినా సరే. (మనవాడి మాట ఒకటి చెప్పకుండా వుండలేను. రక్తంలో భాస్వరం ఎంత వుందో కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి కనిపెట్టినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. దశాబ్దాలపాటు ప్రయోగశాలల్లో వారిద్దరి పేరుమీదనే ఆ పరీక్ష నడిచింది.)

ఆకలి శరీరాన్నే కాదు, మనస్సును కూడా మారుస్తుందని తేలింది మినెసోటా విశ్వవిద్యాలయంలో. 1944 నవంబరు నుంచి 1945 ఆఖరుదాకా ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగం నడిపాడు. మనస్సాక్షి ఒప్పుకోక తుపాకి పట్టమన్న 36 మంది యువకులు దానికి తమంతట తాము ముందుకువచ్చారు. ఇరవైనాలుగు వారాలు అరకడుపు తిండి. బరువులో పావువంతు పోయింది. వాళ్లు కంచాలు నాకారు, పొద్దస్తమానం వంటపుస్తకాలు చదివారు, ఒకరి కంచం ఒకరు అసూయగా చూసుకున్నారు. యూరపులో ఆకలితో అలమటిస్తున్నవారిని తిరిగి ఎలా నిలబెట్టాలో తెలుసుకోవడానికే ఇదంతా. 1950లో అచ్చయిన ఆ రెండు సంపుటాలను ఇప్పటికీ చదువుతారు.

మా అమ్మాయి ట్రెయినింగులో వుండగా వార్డులో ఒక ముసలాయన వుండేవాడట. తొంభై దగ్గర పడ్డవాడు, కొరియాలో చెరలో వున్నవాడు. భోజనం పళ్లెం ఖాళీగా వెనక్కి వచ్చేది. ఆహా, బాగా తింటున్నాడని రాసుకున్నారు. బరువు మాత్రం వారంవారం తగ్గుతున్నది. ఒకరోజు దుప్పటి మారుస్తుంటే దిండు కింద రొట్టెముక్కలు, పంచదార పొట్లాలు, బూజుపట్టిన జున్ను! నర్సులు తీసి పారేశారు. ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, మంచినీళ్లు కూడా ముట్టలేదు. అప్పుడు అక్కడి పెద్ద డైటీషియన్ వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు కూచున్నదట. తిండి మాట ఎత్తలేదు. మర్నాటినుంచి ఆయన పళ్లెంలో మామూలు భోజనం కాక, పొట్లం కట్టిన రొట్టె ఒకటి అదనంగా పంపాలని ఉత్తరువు రాసింది. ఆ పొట్లం ఆయన సొరుగులో దాచుకోవచ్చు. రోజూ పొద్దున ఆయన ఎదుటనే, ఆయనను అడిగి, పాతది తీసి కొత్తది పెట్టాలి. సొరుగు ఎన్నడూ ఖాళీగా వుండకూడదు.

"తరవాత?" అన్నాను.

"దాచుకున్నది దాచుకుని, పళ్లెంలోది తినడం మొదలుపెట్టారు పిన్నీ" అన్నది.

ఆ ఉత్తరువు రాయడానికి ఏ పుస్తకంలో పాఠం వుందో నాకు తెలియదు. కాని ఏమీ చదవనివారికి అది తట్టదు.

అందరు రోగులూ ఇలాంటివారు కాదు లెండి. వియత్నాం యుద్ధంలో చెట్ల ఆకులు రాల్చడానికి చల్లిన ఏజెంట్ ఆరెంజి అనే మందు తగిలిన వారికి వచ్చే రెండో రకం మధుమేహాన్ని 2001లో యుద్ధంవల్ల వచ్చిన జబ్బుల్లో చేర్చారు. 2022లో రక్తపుపోటునీ చేర్చారు. వి.ఏ.లో వైద్యం పొందేవారిలో నలుగురిలో ఒకరికి దాదాపు మధుమేహం వుంది. వారికి పిండిపదార్థాల లెక్క నేర్పడం, బరువు తగ్గించడానికి 2006లో దేశమంతటా మొదలుపెట్టిన "మూవ్" అనే తరగతులు నడపడం, ఆసుపత్రిలోనే పొయ్యి పెట్టి పెళ్లాం పోయిన ముసలివాళ్లకు కూర వండడం నేర్పడం కూడా వీరి పనే. మంచం దిగలేనివారి ఇంటికి డాక్టరు, నర్సులతోపాటు డైటీషియన్ కూడా వెళుతుంది. వెళ్లి ఫ్రిజ్జు తలుపు తీసి చూస్తుంది. నోటితో చెప్పే అబద్ధాలు ఫ్రిజ్జు చెప్పదు. 2017 నుంచి, తిండి అయిపోయి మళ్లీ కొనుక్కోలేని పరిస్థితి ఎప్పుడయినా వచ్చిందా అని రోగులను అడగడం ఆనవాయితీ చేశారు. అంత పెద్ద దేశంలో, యుద్ధం చేసివచ్చినవాణ్ణి ఆ ప్రశ్న అడగవలసి వచ్చిందంటే ఏమనాలి?

ఇక రెండో ప్రశ్న, చదువు. ఇక్కడ నిర్మొహమాటంగా చెప్పాలి. డిగ్రీ చాలదు. 2023 ఆఖరుదాకా అక్కడ బి.ఎస్. డిగ్రీతో రిజిస్ట్రేషన్ పరీక్షకు కూచోనిచ్చేవారు. 2024 జనవరి 1 నుంచి కొత్తవారికి ఎం.ఎస్. స్థాయి డిగ్రీ తప్పనిసరి. దానితోపాటు గుర్తింపు పొందిన కోర్సు, కనీసం వెయ్యి గంటలు పెద్దల పర్యవేక్షణలో ఆసుపత్రుల్లోనూ వంటశాలల్లోనూ పని, ఆ తరవాత పరీక్ష. ఇవన్నీ దాటితే రిజిస్టర్డ్ డైటీషియన్. ఆ తరవాత కూడా ప్రతి అయిదేళ్లకూ 75 యూనిట్ల చదువు చదివి చూపించాలి, లేకపోతే పేరు తీసేస్తారు. వి.ఏ. ఆసుపత్రుల్లో ఈ రిజిస్ట్రేషన్ లేనివారిని డైటీషియనుగా తీసుకోరు. అక్కడ "న్యూట్రిషనిస్టు" అని బోర్డు కట్టుకోవడానికి చాలా రాష్ట్రాల్లో ఎవరికీ అడ్డులేదు. ఈ రెండు పేర్లనూ ఒకటి చేయకండి.

మన దేశపు డిగ్రీ అక్కడ ఊరికే పనికిరాదని కాదు. వారు గుర్తించిన సంస్థచేత దానిని తూకం వేయించాలి, తక్కువపడిన సబ్జెక్టులు చదవాలి. అందుచేత అమ్మాయి ఇక్కడే ఎం.ఎస్సీ. చేసినా, ప్రతి పేపరుకీ సిలబస్ కాగితాలు జాగ్రత్తగా దాచుకోమనండి. పెళ్లి సామానుతోపాటు ఆ ఫైలు కూడా పెట్టెలో పెట్టాలి.

మూడో ప్రశ్నకి జవాబు మీకు నచ్చకపోవచ్చు. వెళ్లగానే దొరకదు. వి.ఏ. ఉద్యోగం ప్రభుత్వ ఉద్యోగం. అమెరికా పౌరులకే ముందు. పౌరులెవరూ దొరకనప్పుడు తప్ప ఇతరులను తీసుకోరు. మా అమ్మాయి పౌరసత్వం వచ్చేదాకా కొన్నేళ్లు మామూలు ఆసుపత్రిలో పనిచేసింది. పెళ్లివారు "వెళ్లిన మర్నాడే ఉద్యోగం" అని వుంటే, వారికి తెలియక అనివుంటారు. ముందే ఈ మాట ఇరువైపులా తేల్చుకోండి. ఉద్యోగంమీద ఆశతో సంబంధం ఖాయం చేసుకుని, తరవాత పిల్ల ఇంట్లో కూచుని కుమిలిపోవడం ఎందుకు?

అమెరికా సంబంధం తప్పిపోయినా చదువు ఎక్కడికీ పోదు. మన దేశంలోనూ ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ రిజిస్ట్రేషన్ పరీక్ష వుంది. 2021లో వచ్చిన చట్టంలో డైటీషియన్లను ఆరోగ్యవృత్తుల్లో చేర్చారు. మేనమామగారికి ఆ చట్టం మాట కూడా చెప్పండి.

మామగారి విషయం. ఆయన రిటైరయిన సుబేదారు, పదేళ్లుగా చక్కెర వ్యాధి, ఈమధ్య పాదాలు వాస్తున్నాయి, "రాగిజావ ఎంతయినా పోయవచ్చా?" అని అడిగారు. ఎంతయినా పోయకూడదు. రాగిలోనూ పిండిపదార్థం బియ్యంలో వున్నంత వుంటుంది, జావ చేస్తే తొందరగా అరిగి చక్కెర పెరుగుతుంది. పాదాల వాపు తిండి సంగతి మాత్రమే కాకపోవచ్చు, మూత్రపిండాలూ గుండే చూపించాలి. మాజీ సైనికుల వైద్య పథకం కార్డు వుంటే పాలీక్లినిక్‌లో డాక్టరుగారికి చూపించి, పెద్దాసుపత్రికి రాసిస్తే అక్కడి డైటీషియనుని కూడా కలవండి. వెళ్లేముందు మూడు రోజులు ఆయన తిన్నదంతా వేళలతో సహా మీ అమ్మాయినే రాయమనండి. ఊరగాయ ఎన్నిసార్లు వేసుకున్నారు, కాఫీలో పంచదార ఎన్ని చెంచాలు, మధ్యాహ్నం మీరు నిద్రపోయినప్పుడు డబ్బాలోంచి ఎన్ని జంతికలు తీశారు, అన్నీ రాయాలి. ఆయనకు తెలిసేట్టే రాయమనండి, సుబేదారుగారు చాటుగా లెక్కలు కడితే ఒప్పుకోరు.